ఏజెన్సీ జ్వరం, చైనా నాడి

(డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ స్మారక ఉపన్యాస పాఠం)

1938 సెప్టెంబరు 1న బొంబాయి రేవు నుంచి రాజ్‌పుతానా అనే ఓడలో ఐదుగురు భారతీయ డాక్టర్లు చైనాకు బయలుదేరారు. జపాన్ సైన్యం చైనా ఊళ్లను తగలబెడుతున్న కాలమది. వైద్యసాయం కోరుతూ ఎర్రసైన్యం సేనాని జూ దే నెహ్రూకు ఉత్తరం రాశారు. సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడిగా ఉన్న కాంగ్రెస్ ఊరూరా చందాలు పోగుచేసి ఈ బృందాన్ని పంపింది. అలహాబాదు నుంచి మదన్‌మోహన్‌లాల్ అటల్, నాగపూర్ నుంచి చోల్కర్, కలకత్తా నుంచి విజయ్‌కుమార్ బసు, దేబేశ్ ముఖర్జీ, షోలాపూర్ నుంచి ద్వారకానాథ్ కోట్నీస్ వెళ్లారు. కోట్నీస్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు.

1939 ఫిబ్రవరిలో వాళ్లు యెనాన్ చేరారు. తర్వాత కోట్నీస్ ఉత్తర చైనా కొండల్లోని గెరిల్లా ప్రాంతానికి వెళ్లి, 1941 జనవరిలో బెతూన్ అంతర్జాతీయ శాంతి ఆస్పత్రికి డైరెక్టరయ్యారు. చైనా భాష నేర్చుకున్నారు. గువో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్లి చేసుకున్నారు. కొడుకు పుట్టిన కొద్ది నెలలకే, 1942 డిసెంబరు 9న, మూర్ఛరోగం తిరగబెట్టి కన్నుమూశారు. ముప్పై రెండేళ్ల బతుకు. చివరి మూడేళ్లు రోడ్డు లేని చోట, మందుల పెట్టె గాడిదల మీద వచ్చే చోట గడిచాయి.

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా చర్ల దాకా వెళ్లే దారిలో ఆయన పేరు తలచుకోవడానికి కారణం వెతకనక్కర్లేదు. ఈ ప్రాంతమూ సరిహద్దే. గోదావరి అవతల కొండలు ఛత్తీస్‌గఢ్‌లోకి దిగిపోతాయి. కోయలు, కొండరెడ్లు, తర్వాతి కాలంలో బస్తర్ నుంచి వలస వచ్చిన గొత్తికోయలు ఉండే గూడేల్లో డాక్టరు అందుబాటు ఇప్పటికీ వానాకాలం వాగుల దయమీదే ఉంటుంది. తెలుగు నేలమీద వామపక్ష ఉద్యమం వైద్యాన్ని ప్రజల దగ్గరికి చేర్చాలని చాలా ముందే తలచింది. పుచ్చలపల్లి సుందరయ్య సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరు ప్రజావైద్యశాలలో గ్రామ వైద్యులకు శిక్షణ ఇచ్చారు. డేవిడ్ వెర్నర్ రాసిన గ్రామ వైద్య గ్రంథాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చింది. చైనా ‘కాళ్లకు చెప్పుల్లేని డాక్టర్ల’ కథలు 1970లలో మన యువతరాన్ని కదిలించాయి. ఆ డాక్టర్ల సంచిలో మాత్రలతోపాటు సూదులు కూడా ఉండేవి. ఆ సూదుల వెనుక రెండువేల ఏళ్ల నాటి ఒక ఊహ ఉంది. శరీరమంతా కంటికి కనబడని దారులున్నాయనీ, వాటిలో ప్రాణశక్తి ప్రవహిస్తుందనీ చెప్పే ఊహ అది. ఈ ఉపన్యాసానికి విషయం అదే. మనకు అందులో పనికొచ్చేది ఏది, పనికిరానిది ఏది అని తేల్చుకోవడం దాని ఉద్దేశం.

ఆ సూది మనదేశానికి వచ్చింది కోట్నీస్ సహచరుడి చేతిమీదుగానే. బసు 1943లో స్వదేశానికి తిరిగొచ్చారు. 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. 1959 నుంచి కలకత్తాలో ఆ వైద్యం చేయడం మొదలుపెట్టారు. ఆయన ఆధునిక వైద్యం చదివిన డాక్టరు. యుద్ధరంగంలో మందులు దొరక్క మనుషులు చనిపోవడం కళ్లారా చూసిన మనిషి. చైనా కమ్యూనిస్టులు సూదివైపు తిరగడానికీ మొదటి కారణం అదే కొరత. యుద్ధకాలపు దిగ్బంధంలో మత్తుమందూ క్వినైనూ దొరకని రోజుల్లో జూ లియెన్ అనే మహిళా డాక్టరు ఒక పాత వైద్యుడి దగ్గర సూది పట్టడం నేర్చుకున్నారు. 1945లో యెనాన్‌లో, కోట్నీస్ పనిచేసిన ఆస్పత్రి పేరే ఉన్న మరో ఆస్పత్రిలో, సూదివైద్య విభాగం తెరిచారు. 1951లో జూ లియెన్ రాసిన పుస్తకం ప్రాణశక్తి మాటలు తగ్గించి నరాల భాషలో ఆ విద్యను వివరించింది. అంటే చైనాలోనే, ఆ విద్యను నిలబెట్టినవాళ్లే, దాని పాత సిద్ధాంతాన్ని ప్రశ్నకు పెట్టారు. ఇది మనం గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఇక ఆ సిద్ధాంతం సంగతి. చైనా వైద్యులు ‘చీ’ అనే ప్రాణశక్తి పన్నెండు ప్రధాన దారుల్లో తిరుగుతుందన్నారు. ఊపిరితిత్తుల దారి ఛాతీలో మొదలై చేయి లోపలి వైపు నుంచి బొటనవేలికి దిగుతుంది. అక్కడ పెద్దపేగు దారి అందుకుని చూపుడువేలి నుంచి ముఖానికి ఎక్కుతుంది. ముఖం నుంచి జీర్ణాశయం దారి కాలికి దిగుతుంది. కాలి నుంచి ప్లీహం దారి మళ్లీ ఛాతీకి చేరుతుంది. ఛాతీ, చేయి, ముఖం, కాలు, మళ్లీ ఛాతీ. ఇలా మూడు చుట్లు తిరిగితే పన్నెండు దారులూ పూర్తవుతాయి. తెల్లవారుజామున మూడింటికి ఊపిరితిత్తుల దారిలో ఉప్పొంగిన ప్రవాహం ఒక్కో దారిలో రెండు గంటల చొప్పున ఇరవై నాలుగు గంటల్లో చుట్టు ముగిస్తుందని తర్వాతి తరాల వైద్యులు లెక్క కట్టారు. వెన్ను మీద ఒకటి, కడుపు మీద ఒకటి చొప్పున మరో రెండు దారులు కలిపితే పద్నాలుగు. వాటిమీద సూది గుచ్చే బిందువులు 361 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ విభాగం 2008లో ప్రామాణిక పుస్తకం అచ్చువేసింది. ప్రవాహం సాఫీగా సాగినంతకాలం నొప్పి ఉండదు, ఎక్కడో అడ్డుపడితే నొప్పి పుడుతుంది, సూది ఆ అడ్డు తీస్తుంది. సిద్ధాంతం మొత్తం ఈ ఒక్క మాటలో ఇముడుతుంది.

అయితే ఈ పటం ఆకాశం నుంచి ఒక్కసారిగా ఊడిపడలేదు. 1973లో హునాన్ రాష్ట్రం చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయిలో క్రీస్తుపూర్వం 168 నాటి సమాధి తవ్వినప్పుడు పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో ఉన్న దారులు పన్నెండు కాదు, పదకొండు. ఒక చక్రంగా కలిసిపోయే ప్రవాహం వాటిలో లేదు. బిందువులు లేవు. అన్నిటికంటే ముఖ్యం, సూది లేదు. చికిత్సగా చెప్పింది వేడి, అంటే చర్మంమీద కాల్చడం. తర్వాత తర్వాత సమాధుల్లో ఎర్రగీతలు గీసిన లక్కబొమ్మలు దొరికాయి. ఒక శతాబ్దం గడిచేసరికి హువాంగ్‌డీ నైజింగ్ అనే మహాసంకలనంలో దారులు పన్నెండయ్యాయి, సూదులు వచ్చాయి, చక్రం పూర్తయింది. మనుషులు రోగుల ఒళ్లు తడిమి, నొప్పి ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతుందో అడిగి, దిద్దుకుంటూ గీసిన పటమిది. పెరిగిన పటం కాబట్టే ఇంకా దిద్దవచ్చు. పవిత్రమని పక్కన పెడితే దాన్ని గీసినవాళ్ల శ్రమకే అన్యాయం చేసినట్టవుతుంది.

వేడి సంగతి మన ఏజెన్సీకి కొత్తది కాదు. పచ్చకామెర్లకు పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టడం, పసిపిల్లకు ఫిట్సు వస్తే కడుపుమీద ఇనుపకడ్డీతో కాల్చడం తెలుగు పల్లెలకు తెలిసినవే. చైనాలో ఈ వేడి క్రమంగా మెత్తబడింది. ఎండిన ఆకును దూదిలా నలిపి, చుట్ట చుట్టి, అంటించి, చర్మానికి కాస్త ఎడంగా పట్టి సెగ తగిలించడం వచ్చింది. ఆ ఆకు మనకు బాగా తెలుసు. వినాయకచవితి ఇరవై ఒక్క పత్రుల్లో మొట్టమొదట పూజించే మాచిపత్రి వర్గానిదే అది. ఈ పత్రి కథ ఇక్కడితో ఆగదు.

నైజింగ్‌లో ఒక అధ్యాయం పన్నెండు దారులనూ చైనాలోని పన్నెండు నదులతో పోలుస్తుంది. ఏ నది లోతెంత, ఏది ఎంత దూరం పారుతుంది అని లెక్కలు కట్టి, దారి లోతును బట్టి సూది ఎంత లోతుకు దిగాలో చెబుతుంది. వరద కట్టలు కట్టి, కాలువలు తవ్వి బతికిన జాతి తన ఒంటిని కూడా నీటి భాషలోనే చదివింది. ఇంకో చోట శ్వాస లెక్క వస్తుంది. ఒక శ్వాసకు చీ ఆరు అంగుళాలు కదులుతుంది, 270 శ్వాసలకు ఒక చుట్టు, రోజుకు 13,500 శ్వాసలు, 50 చుట్లు. మన యోగశాస్త్రాలు రోజుకు 21,600 శ్వాసలన్నాయి. నిమిషానికి 15 చొప్పున ఇరవై నాలుగు గంటలకు లెక్క వేస్తే అంతే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల శ్వాస నేటి కొలతల్లో నిమిషానికి 12 నుంచి 20. చైనా లెక్క నిమిషానికి తొమ్మిదిన్నర కూడా కాదు. 50, 270 లాంటి సంఖ్యల అందం కోసం ఎక్కడో కొలతను వంచారని అర్థమవుతుంది. మనవాళ్లు 72,000 నాడులు అన్నప్పుడూ ఎవరో కూర్చుని లెక్కపెట్టారని కాదు. సంఖ్యను గౌరవించడానికీ నమ్మడానికీ మధ్య తేడా పాటిస్తే ఏ సంప్రదాయమూ చిన్నబోదు.

మణికట్టు దగ్గర రెండు సంప్రదాయాలూ కలుస్తాయి. చైనా వైద్యుడు మూడు వేళ్లు మూడు స్థానాల్లో ఉంచి, తేలికగా ఒకసారి, నొక్కి ఒకసారి చూస్తాడు. మూడో శతాబ్దంలో వాంగ్ షూహే 24 రకాల నాడులు వర్గీకరించాడు. మన శార్ఙ్గధరుడు వాతనాడి జలగలా పాములా, పిత్తనాడి కాకిలా కప్పలా, కఫనాడి హంసలా పావురంలా నడుస్తుందన్నాడు. తెలుగు వైద్యులకు శతాబ్దాలుగా ఆధారమైన బసవరాజీయం మొదలయ్యేదే నాడీపరీక్షతో. ఈ నాడీపరీక్ష చైనా నుంచి మనకు వచ్చిందా, అరబ్బు వైద్యుల ద్వారా చేరిందా అని పండితులు చాలాకాలంగా వాదిస్తున్నారు. ఎలా వచ్చినా, రోగి చేయి పట్టుకుని వైద్యుడు కాసేపు మౌనంగా కూర్చునే ఆచారం రెండుచోట్లా వేళ్లూనుకుంది. దాని విలువ తక్కువది కాదు. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపే ఓపీ గదుల కాలంలో ఆ విలువ ఇంకా పెరిగింది.

కానీ నాడి ఏం చెప్పగలదు? భద్రాచలం స్నానఘట్టం దగ్గర నీటిమట్టం కొలబద్దను చూడండి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 దాటింది. ఆ కొలబద్ద అబద్ధం చెప్పదు. ప్రాణం మీదికి వస్తున్నదని ముందే చెబుతుంది. అయితే వాన ప్రాణహితలో కురిసిందా, ఇంద్రావతిలోనా, తాలిపేరులోనా అన్నది దానికి తెలియదు. అది తెలియాలంటే ఎగువన ఎక్కడికక్కడ కొలవాలి. నాడి కూడా అంతే. జ్వరం ఉందనీ, ఒళ్లు నీరసించిందనీ, గుండె తడబడుతోందనీ చెబుతుంది. ఆ జ్వరం ఫాల్సిపారం మలేరియానా, టైఫాయిడా, డెంగ్యూనా అని అడిగితే వేళ్లు జవాబివ్వలేవు. ఏజెన్సీలో ఈ తేడా బతుకుకీ చావుకీ మధ్య తేడా.

సూదివైద్యాన్ని పరీక్షకు పెట్టే ఆలోచన కూడా చైనాలోనే పుట్టింది. 1027లో సాంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద వాంగ్ వేయీ నిలువెత్తు కంచు బొమ్మలు రెండింటిని పోతపోయించాడు. బిందువుల దగ్గర రంధ్రాలుంటాయి. పరీక్ష రోజున బొమ్మకు మైనం పూసి, లోపల నీళ్లు నింపేవారని చెబుతారు. విద్యార్థి సూది సరైన చోట దిగితే నీళ్లు కారతాయి, లేకపోతే తప్పినట్టే. విద్యార్థి చేతిని పరీక్షించడానికి ఇంతకంటే మంచి పద్ధతి దొరకదు. సిద్ధాంతాన్ని పరీక్షించడానికి మాత్రం ఇది చాలదు. రంధ్రాలు పెట్టినవాళ్లు, వెతకమన్నవాళ్లు ఒకరే కదా. 1822లో చింగ్ చక్రవర్తి రాజవైద్యశాల నుంచి సూదిని వెళ్లగొట్టాడు. 1929లో నాన్‌కింగ్ ప్రభుత్వం సంప్రదాయ వైద్యం మొత్తాన్నే రద్దు చేయబోతే వైద్యులు వీధుల్లోకి వచ్చి అడ్డుకున్నారు. తర్వాత మావో కాలంలో ప్రభుత్వమే దాన్ని నెత్తిన పెట్టుకుంది. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్ పెకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకుని, తర్వాతి కడుపునొప్పికి సూదులు పెట్టించుకున్నానని రాశాక అమెరికా అటువైపు తిరిగింది. నిషేధం, ప్రోత్సాహం రెండూ రాజకీయంగానే జరిగాయి. రోగికి ఏమైంది అన్న ప్రశ్నకు నిదానంగా జవాబు వెతకడం ఆ తర్వాతే మొదలైంది.

జవాబులు ఆసక్తికరమైనవి. పెకింగ్‌లో హాన్ జీషెంగ్, టొరంటోలో బ్రూస్ పొమెరాంజ్ 1970లలో చేసిన పరిశోధనలు, సూది గుచ్చితే మెదడులో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు విడుదలవుతాయని చూపించాయి. వాటిని అడ్డుకునే నాలొక్సోన్ మందు ఇస్తే సూది పనిచేయడం తగ్గింది. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం ఆపరేషన్ తర్వాతి వాంతులకూ, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకూ ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని ఒప్పుకుంది. ఆ బిందువు ముంజేతి లోపలి వైపు, మణికట్టు గీతకు మూడు వేళ్ల ఎగువన, రెండు స్నాయువుల మధ్య ఉంటుంది.

ఇంతకంటే ముఖ్యమైనది జర్మనీ ప్రయోగం. దీర్ఘకాలపు నడుంనొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు చైనా పటం ప్రకారం సూదులు. రెండో గుంపుకు పటంలో లేని చోట్ల, పైపైన మాత్రమే గుచ్చిన సూదులు. మూడో గుంపుకు మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స. ఆరు నెలల తర్వాత, 2007లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మేలు కనిపించినవాళ్లు మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2 శాతం, మూడో గుంపులో 27.4 శాతం. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. సూది వైద్యం పొందినవాళ్లు మామూలు చికిత్స పొందినవాళ్ల కంటే చాలా మెరుగ్గా ఉన్నారు. కానీ సూది దారిమీద పడిందా, దారి తప్పి పడిందా అన్నదానితో దాదాపు తేడా రాలేదు. పటాన్ని నమ్మేవాళ్లకు ఇది కష్టమైన వార్త. సూది వట్టి మోసమనేవాళ్లకూ అంతే కష్టమైన వార్త. ఈ ఉపన్యాసకుడి దృష్టిలో ఇది నిజాయతీగా ఒప్పుకోవలసిన వార్త: గుచ్చడం, సెగ పెట్టడం, తడమడం, అరగంట పక్కన కూర్చుని పట్టించుకోవడం ఒంటినొప్పిని తగ్గిస్తాయి, పన్నెండు నదుల పటం మాత్రం శరీరంలో ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

నడుంనొప్పి అంటే ఈ ప్రాంతానికి చిన్న విషయం కాదు. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి సింగరేణి కార్మికుల తరాలకు తరాలు వంగిన నడుములతోనే పైకి వచ్చాయి. ఎండలు ముదిరాక తునికాకు కోతకు గూడెం గూడెం అడవికి కదులుతుంది. ఆకు కోయడం, కట్టలు కట్టడం అంతా వంగే పని. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు కుటుంబాలతో సరిహద్దు దాటి వస్తారు. సాళ్ల మధ్య పొద్దంతా వంగి కోసి, రాత్రి నడుం నిలవక, తెల్లారి మళ్లీ పనికి పోవాలి కాబట్టి దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకుంటారు. రోజు మార్చి రోజు ఆ మందు ఎక్కితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు ముప్పు. కూలి పోకుండా నొప్పి తగ్గే దారి ఏదైనా ఉందా అని అడిగే ఆడవాళ్లకు జవాబు చెప్పవలసిన బాధ్యత వైద్యరంగానికి ఉంది. మందులేని సూదికి ఇక్కడ న్యాయమైన చోటుంది, పరిమితమైన చోటు.

జ్వరానికి మాత్రం ఆ చోటు లేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

మన్యం జ్వరం ఈ నేలను ఎంతకాలం ఏలిందో గోదావరి ఒడ్డుకు తెలుసు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టే రోజుల్లో కూలీలనూ ఇంజనీర్లనూ జ్వరాలు కుదిపేశాయి; ఎగువ గోదావరి జలరవాణా పథకాన్ని ప్రభుత్వం 1871లో వదిలేసింది. ఆ జ్వరానికీ దోమకూ ఉన్న సంబంధం బయటపడింది కూడా తెలుగు నేలమీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత నూట పదమూడేళ్లకు మలేరియా మందుకు మరో నోబెల్ వచ్చింది, ఈసారి చైనా సంప్రదాయ వైద్య సంస్థలో పనిచేసిన తు యుయుకు.

వియత్నాం యుద్ధంలో సైనికులను క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా చంపుతుంటే 1967 మే 23న చైనా ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. పాత గ్రంథాల్లోని జ్వరం మందులను ఎలుకల మీద పరీక్షించారు. చాలావరకు విఫలమయ్యాయి. చింగ్‌హావ్ అనే మొక్క కూడా ఒకసారి పనిచేసి ఇంకోసారి చేయలేదు. నాలుగో శతాబ్దపు గె హోంగ్ ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడే గాని కాచమనలేదని తు యుయు గమనించారు. వేడికి గుణం పోతోందేమోనని, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లోని మలేరియా క్రిములను పూర్తిగా తుడిచేసింది. మనుషులకు ఇచ్చేముందు ఆమె, సహచరులు ఆ మందును తామే మింగి చూసుకున్నారు. ఆ సారం నుంచి వేరుచేసిన మందే ఆర్టెమిసినిన్. ఆ మొక్క మాచిపత్రికి దగ్గరి చుట్టం. గె హోంగ్ భార్య బావో గూ ఆకుసెగ వైద్యంలో పేరుపొందిన స్త్రీ అని చైనా సంప్రదాయం చెబుతుంది. ఒకే ఇంట్లో భర్త ఒక ఆకును రసం తీయమన్నాడు, భార్య దాని దాయాది ఆకుతో సెగ పెట్టింది. రసం ఇవాళ ప్రపంచమంతా ప్రాణాలు నిలుపుతోంది. ఆ రసం చీ ప్రవాహాన్ని సరిచేసి కాదు, రక్తకణంలో దాక్కున్న క్రిమిని చంపి పనిచేస్తుంది. మన పెరటి మాచిపత్రిలో ఆ గుణం ఆశించకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. చుట్టరికం మందు కాదు.

చర్ల మండలంలో ఒక గూడేనికి ఆశా కార్యకర్త వెళ్లినప్పుడు ఆమె సంచిలో ఉండే ఆర్టిసునేట్ మాత్రలు ఆ 191వ నమూనా వారసులే. వేలి చివర ఒక చుక్క రక్తం తీసి కిట్‌మీద వేస్తే పావుగంటలో ఫాల్సిపారమో వైవాక్సో తెలుస్తుంది. ఫాల్సిపారం అయితే మూడు రోజులు ఆర్టిసునేట్, మొదటి రోజే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, రెండో రోజు ఒక మోతాదు ప్రైమాక్విన్. వైవాక్స్ అయితే మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్. మొదటి రోజుకే జ్వరం దిగితే మిగిలిన మాత్రలు గూట్లో పెట్టేసేవాళ్లు ఉంటారు కాబట్టి ఆమె మళ్లీ వాగు దాటి వస్తుంది. చైనా వైద్యం ఈ అడవికి నిజంగా చేరింది ఈ రూపంలోనే. నదుల పటంగా చేరలేదు, రేకు మీద వరసగా అమర్చిన మాత్రలుగా చేరింది. ఎందుకు చేరగలిగిందంటే, దాన్ని నమ్మినవాళ్లే కనికరం లేకుండా పరీక్షించారు.

ఈ పోలికలోంచి తేలే మాట సూదివైద్యులకు నొప్పి కలిగించవచ్చు, అయినా చెప్పక తప్పదు. ఆకుకు పెట్టిన పరీక్షే సూదికీ పెట్టాలి. ‘గిరిజనులకు ప్రకృతి వైద్యమే మంచిది, చవక కూడా’ అనే మాట సభల్లో ప్రేమగానే వినిపిస్తుంది. ఆ ప్రేమలో ఒక తక్కువచూపు దాగి ఉంది. జూబ్లీహిల్స్ రోగికి ఏ రుజువు అడుగుతామో వాజేడు రోగికీ అదే రుజువు అడగాలి. డాక్టరు లేడు గనుక రుజువు లేని వైద్యంతో సరిపెట్టుకోమనడం కోట్నీస్ పేరు తలచే సభలో అనదగిన మాట కాదు. వైద్యం లేనిచోటికి తన దగ్గరున్న శాస్త్రాన్నంతా మోసుకుపోయిన మనిషి ఆయన.

చట్టం కొంత దారి వేసింది. పశ్చిమ బెంగాల్ 1996లో ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేక చట్టం చేసింది. తర్వాత మహారాష్ట్ర చేసింది. కేంద్రం 2003లో దాన్ని చికిత్సా విధానంగా అనుమతించి, 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర వైద్యవిధానంగా గుర్తించింది. హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల విద్యార్థులు డిగ్రీ పాఠాల్లో భాగంగా దీన్ని చదువుతున్నారు. శిక్షణ లేని చేతిలో మాత్రం ఈ సన్నని సూది ప్రమాదమే. ఛాతీమీద లోతుగా దిగితే ఊపిరితిత్తికి రంధ్రం పడుతుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి పాకుతుంది. గర్భిణికి కొన్ని బిందువుల జోలికే పోకూడదని పాత గ్రంథాలే హెచ్చరించాయి.

కొత్తగూడెంలోనో భద్రాచలంలోనో ప్రభుత్వ ఆస్పత్రి ఆవరణలో, ఎముకల డాక్టరు గది పక్కనే, నొప్పికి మాత్రమే ఒక సూదివైద్య కేంద్రం తెరవవచ్చు. గుమ్మంలోనే ఒంటివేడి చూడాలి. జ్వరం ఉంటే సూది ముట్టకుండా రక్తపరీక్షకు పంపాలి. విప్పిన సూది ఆ ఒక్క రోగికే. వచ్చిన ప్రతి తునికాకు కూలీ, ప్రతి మిర్చి కూలీ, ప్రతి బొగ్గు కార్మికుడి నొప్పి మొదటి రోజు ఎంత, ఆరు వారాలకు ఎంత, ఆరు నెలలకు ఎంత, ఇంజెక్షన్లు ఎన్ని తగ్గాయి, పోయిన కూలి రోజులెన్ని అని ఒక పుస్తకంలో రాయాలి. వ్యాయామం మాత్రమే నేర్పిన మరో గుంపుతో పోల్చాలి. తెలుగుతోపాటు కోయ మాట్లాడగల నర్సులే ఆ ప్రశ్నలు అడగాలి. ఏడాది గడిచాక ఆ లెక్కలు మంచిగా వచ్చినా చెడ్డగా వచ్చినా, హైదరాబాద్‌కు పంపేముందు ఆ కూలీలనే పిలిచి చదివి వినిపించాలి.